సేవ్ నొక్కిన సాయంత్రం

"మీరు ఫోన్ ఎత్తేలోపు మా దగ్గర వాన వచ్చి, వెలిసి, తడిసిన బట్టలు కూడా ఆరిపోయాయి సార్."

మసాకాలో టాక్సీ దిగి, కాఫీ రైతుల సంఘం ఆఫీసు గుమ్మంలో బూట్ల బురద రాసుకుంటున్న ముగలూలకు ఎదురైన మొదటి పలకరింపు ఇది. నాలుగు నెలలుగా ఫోన్‌లో విన్న గొంతే. మనిషిని చూడడం మాత్రం ఇదే మొదటిసారి. ఫోన్‌లో విన్నప్పుడు ఆమె పొడగరి అనుకున్నాడు. కాదు. గొంతు ఒక్కటే పొడుగు.

"మీరు నకసుజ్జగారు కదూ?"

"ఇంకెవరు తిడతారు మిమ్మల్ని? కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని మీద పైకప్పు కారుతుంది."

అతను వేరే కుర్చీలో కూర్చున్నాడు. ఆమె టేబుల్ మీదికి ఒక తువ్వాలు తోసింది. తిట్టడానికి పిలిచిన మనిషికి తల తుడుచుకోమని తువ్వాలు ఇవ్వడం అతనికి కొత్తగా తోచింది.

ఆ ఆఫీసులో నకసుజ్జ పని ఒకటే. వాతావరణం వాళ్ళ దగ్గర కబురు కనుక్కుని, "వాన వస్తోంది, కాఫీ ఎత్తుకోండి" అని పంతొమ్మిది ఊళ్ళలోని పదకొండు వందల నలభై మంది రైతులకు ఫోన్‌లో మెసేజ్ పంపడం. వాకిళ్ళలో టార్పాలిన్ల మీద ఎండబోసిన కాఫీ ఒక్కసారి తడిసిందంటే బూజు పడుతుంది. బూజు పట్టిన కాఫీని ఎవరూ కొనరు. మెసేజ్‌లు పంపే వెబ్‌సైటును పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాసింది ముగలూల. దేశ రాజధాని కంపాలాలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాడు. సైటు నడిచే కంప్యూటర్ మాత్రం ఈ ఆఫీసులోనే, నకసుజ్జ టేబుల్ కింద ఉంది. రైతుల నంబర్లు సంఘం గడప దాటకూడదని ఛైర్మన్ కయెంబాగారి పట్టు.

"మన మాటను ఫోన్లకు చేర్చే ఆ మెసేజ్‌ల కంపెనీ నెలలో మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చింది. మూడుసార్లూ నేను మీకు ఫోన్ చేశాను. మూడుసార్లూ మీరు మీటింగ్‌లో ఉన్నారు."

"మీటింగ్‌లు నిజంగానే ఉంటాయండీ."

"వానలు కూడా నిజంగానే ఉంటాయి."

అతను ల్యాప్‌టాప్ బయటికి తీశాడు.

"మీరు చేసేదల్లా ఏమిటి? ఏదో ఫైలు తెరిచి, పాత పాస్‌వర్డ్ తీసేసి కొత్తది పెడతారు. ఆ పని నేనే చేసుకునేలా ఒక పేజీ రాసివ్వండి. ఒక గడి, ఒక సేవ్ బటన్. చాలు."

"అది ఎన్వ్ ఫైలు అండీ. సైటు రహస్యాలన్నీ వరుసకొకటి చొప్పున అందులోనే ఉంటాయి. ఒక్క వరుస చెడినా సైటు మొత్తం లేవదు. దాన్ని పేజీలోంచి ముట్టుకోకూడదు."

"మీరు ముట్టుకుంటే ఏమీ కాదా?"

"నాకు తెలుసు కాబట్టి..."

"నాకూ చెప్పండి. నాకూ తెలుస్తుంది."

ఆమె గొంతు తగ్గించింది. "చూడండి ఇంజనీరుగారూ. ఈ మెసేజ్‌ల సంగతి కమిటీలో సగంమందికి ఇష్టం లేదు. మునుపటిలా సైకిల్‌కు మైకు కట్టి పంపితే చాలంటారు. నేనే పట్టుబట్టి ఒప్పించాను. ఈ ఒక్క పంట చూస్తామన్నారు. నెలాఖరు గురువారం కమిటీ కూర్చుంటుంది. పనిచేసిందంటే ఉంచుతారు. లేదంటే మెసేజ్‌లూ పోతాయి, నా ఉద్యోగమూ పోతుంది. సంగతి ఇదీ."

ముగలూల తల తుడుచుకోవడం ఆపాడు. "రెండు రోజులు పడుతుంది," అన్నాడు.

*

పని చెప్పుకోవడానికి చిన్నదే. పేజీ ఫైలును చదవాలి. కావలసిన వరుసను మాత్రమే వెతికి మార్చాలి. మిగతా వరుసలు, వాటి మధ్య రాసుకున్న గమనికలు చెక్కుచెదరకూడదు. ఆ తర్వాత ఫైలును తిరిగి రాయాలి. మొదటి రోజు సాయంత్రానికే అతను పేజీ చూపించాడు.

నకసుజ్జ మొదటి గడిలో సంఘం పేరు టైపు చేసి సేవ్ నొక్కింది. సైటు పడిపోయింది.

"పేరు మధ్యలో ఖాళీలు పెట్టారు," అన్నాడు ముగలూల.

"పేరులో మూడు మాటలున్నాయి. సంఘం పెట్టినప్పుడు మిమ్మల్ని అడగడం మరిచిపోయాం. క్షమించండి."

అతను నవ్వకుండా ఉండాలని చూసి ఓడిపోయాడు. ఖాళీలున్న మాటలకు కొటేషన్ గుర్తులు తగిలించేలా సరిచేశాడు. ఆమె గడిలో చుక్కలు, హాష్ గుర్తులు, సమానం గుర్తులు అన్నీ పెట్టి చూసింది. ఒక్కోటి పడిపోయినప్పుడల్లా "ఇది కూడానా?" అని జాలిగా అడిగేది. ఆ రెండు రోజుల్లో తన ప్రోగ్రాములో తనకు తెలియని తొమ్మిది తప్పులు బయటపడ్డాయి. కంపాలాలో ఎవరూ అంత ఓపికగా తన పనిని చూడలేదన్న సంగతి అతనికి రెండో రోజు మధ్యాహ్నం గుర్తొచ్చింది.

"ఈ వరుస పేజీలో కనబడదేం?" అని స్క్రీన్ మీద వేలు పెట్టిందామె.

"అది తాళం. రైతుల నంబర్లన్నీ దానితోనే మూసి దాచాను. దాన్ని ఎవరూ మార్చకూడదు."

"దీని నకలు ఉందా?"

"నా దగ్గర ఉందిలెండి."

భోజనం వేళకు ఆమె వీధి చివరి నుంచి కాగితం పొట్లంలో వేడివేడి మిడతల వేపుడు తెచ్చింది. ఉల్లిపాయ, పచ్చిమిరప వేసి కరకరలాడేలా వేయించినవి. నవంబరులో మసాకా వచ్చినవాడికి అంతకన్నా మర్యాద లేదు.

"తీసుకోండి."

"వద్దండీ. నేను తినను."

ఆమె పొట్లం మడిచేసింది. "కంపాలావాళ్ళకు ఆనవులే. సాసేజ్ దొరుకుతుందేమో చూడమంటారా?"

అతను ఏదో చెప్పబోయాడు. ఇంతలో ఫోన్ మోగింది, మేనేజరు. మాట్లాడి వచ్చేసరికి ఆమె మొహం కంప్యూటర్‌లో పెట్టేసింది.

వెళ్ళేముందు ఆమె గుమ్మం దాకా వచ్చింది. "ఒక్క మాట. సాయంత్రం ఆరున్నర దాటితే మేం ఆ కంప్యూటర్ ముట్టుకోం. మిడతలు పట్టేవాళ్ళు వాటిని రప్పించడానికి కొండ మీద పెద్ద పెద్ద దీపాలు వేస్తారు. అవి వెలగగానే ఊళ్ళో కరెంటు పోతుంది. దానికి బ్యాటరీ ఉండేది, చెడిపోయి రెండు నెలలైంది."

"మంచిది," అన్నాడు ముగలూల. మనుషుల ఇబ్బంది గురించి చెబుతోందనుకున్నాడు. తాను రాసిన పేజీ గురించి చెబుతోందని అతనికి తోచలేదు.

*

పేజీ పన్నెండు రోజులు చక్కగా పనిచేసింది. పదమూడో రోజు సాయంత్రం ఆరున్నర దాటాక మెసేజ్‌ల కంపెనీ మళ్ళీ పాస్‌వర్డ్ మార్చింది. అదే సమయానికి వాతావరణం వాళ్ళు ఫోన్ చేశారు: రాత్రికి పెద్దవాన, గాలి కూడా. పంట చివరి వారం. చాలామంది కాఫీ రాత్రుళ్ళు కూడా వాకిట్లోనే వదిలేసే రోజులవి.

నకసుజ్జ గడియారం చూసింది. ఆరూ నలభై. కొండ వైపు చూసింది. ఇంకా చీకటిగానే ఉంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టి సేవ్ నొక్కింది.

కొండ మీద దీపాలు ఒక్కసారిగా వెలిగాయి. ఆఫీసులో చీకటి పడింది.

గంట తర్వాత కరెంటు వచ్చింది. సైటు లేవలేదు. ఆమె ఫోన్ చేసేసరికి ముగలూల కంపాలాలో అన్నం ముందు కూర్చున్నాడు. ఈసారి మొదటి రింగుకే ఎత్తాడు. అక్కడి నుంచే కంప్యూటర్‌లోకి వెళ్ళి చూశాడు. ఎన్వ్ ఫైలు ఉంది. అందులో ఒక్క అక్షరం లేదు.

"నా దగ్గర నకలుంది, ఉండండి," అని తన దగ్గరున్నది పెట్టాడు. సైటు లేచింది. రైతుల పేర్లు వచ్చాయి. నంబర్లున్న చోట మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. అతను నకలులోని తాళాన్ని మళ్ళీ చూసుకున్నాడు. ఇంట్లో ప్రయత్నాల కోసం వాడుకున్న కంప్యూటర్‌ది అది. మసాకా తాళం కాదు.

"ఏమైంది?" అంది ఆమె.

పోయిన తాళం ఇక రాదని అతనికి అర్థమైంది. అలాంటప్పుడు మనిషి నోటి నుంచి వచ్చే మొదటి మాట మంచిది కాకపోవచ్చు. "ఆరున్నర దాటితే ముట్టుకోం అన్నారు కదా?" అన్నాడు.

అటువైపు వాన చప్పుడు మొదలైంది.

"అవును. అన్నాను. నొక్కింది నేనే," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

*

తెల్లవారి అతను తాను రాసిన పేజీ తెరిచి చదివాడు. తప్పు వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. సేవ్ నొక్కగానే ప్రోగ్రాము ముందు పాత ఫైలును ఖాళీ చేస్తుంది, ఆ తర్వాతే కొత్తది రాస్తుంది. రెంటి మధ్యా రెప్పపాటు. ఆ రెప్పపాటులో కరెంటు పోతే మిగిలేది ఖాళీ ఫైలే. చేయవలసింది వేరు: పక్కన ఇంకో పేరుతో కొత్త ఫైలు పూర్తిగా రాసి, అది డిస్కు మీదికి చేరిందని రూఢి చేసుకుని, అప్పుడు పాతదాని స్థానంలో పెట్టడం. నాలుగు వరుసల పని. అతనికి తెలిసిన పనే. కంపాలాలో కరెంటు అంతగా పోదు కాబట్టి రాయలేదు.

మేనేజరుకు చెప్పాడు. మేనేజరు నిదానంగా విన్నాడు.

"ఎవరు నొక్కారో కంప్యూటర్ లాగ్‌లో నమోదై ఉంది కదా?"

"ఉంది. కానీ నొక్కినందుకు పోలేదు సార్. నేను రాసిన తీరు వల్ల పోయింది."

"ఆ ముక్క నాకు చెప్పావు, సరే. వాళ్ళ కమిటీకి చెప్పకు. లాగ్ చూపించి ఊరుకో."

పోయిన నంబర్లు రావాలంటే వేరే దారి ఏదైనా ఉందా అని చూశాడు. సంఘం పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న నకలులో నంబర్లున్నాయి, మూసినవి మూసినట్టే. మెసేజ్‌ల కంపెనీని అడిగితే ఉత్తరం, మూడు సంతకాలు, నెల రోజుల గడువు అన్నారు. కమిటీకి ఎనిమిది రోజులుంది. ముగలూల సెలవు చీటీ రాసి టాక్సీ ఎక్కాడు.

నకసుజ్జ ఆఫీసు బయట సంఘం మోటార్‌సైకిల్‌కు పెట్రోలు పోస్తోంది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు.

"ఎందుకొచ్చారు? మీరు అక్కడి నుంచే అన్నీ చేస్తారు కదా?"

"నంబర్లు అక్కడి నుంచి రావు. ఊరూరా తిరిగి మళ్ళీ రాసుకోవాలి. ఒక్కరే వెళ్తే పదహారు రోజులు. ఇద్దరమైతే ఎనిమిది."

"లెక్క మీకు బాగానే వచ్చు."

"నిన్న ఫోన్‌లో అన్న మాట తప్పు. మీరు నొక్కినందుకు కాదు అది పోయింది." ఎందుకు పోయిందో చెప్పాడు. ఏమీ దాచలేదు. తన దగ్గర నకలుందని చెప్పింది కూడా పొరపాటేనన్నాడు.

ఆమె పెట్రోలు మూత బిగించింది. "రాత్రి మా బాబాయి కాఫీ తడిసింది. ఏడు బస్తాలు. ఆయన నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది." కాసేపాగి, "వెనక ఎక్కండి. ఆ బ్యాగు ముందుకు తిప్పుకోండి, నా వీపుకు గుచ్చుకుంటుంది," అంది.

*

ఆ ఊళ్ళలో ఎవరూ ఊరికే ఫోన్ నంబరు చెప్పరు. ముందు కూర్చోమంటారు. నీళ్ళిస్తారు. తర్వాత ఎవరి కొడుకువని, ఏ వంశమని అడుగుతారు. రెండో రోజు ఒక ముసలామె నోట్‌బుక్ పట్టుకున్న ముగలూలను తేరిపార చూసింది.

"ఏ వంశం నాయనా మీది?"

"మిడత వంశం అమ్మమ్మా."

నకసుజ్జ చప్పున ఇటు తిరిగింది. అక్కడ ఒక్కో వంశానికీ ఒక్కో జీవి పేరుంటుంది, ఏ వంశం వాళ్ళూ తమ జీవిని తినరు. అది పసిపిల్లలకు కూడా తెలుసు.

"నీదో అమ్మాయీ?"

"కొండముచ్చు వంశం," అంది నకసుజ్జ.

"అయితే ఇబ్బందేం లేదు," అని ముసలామె తేల్చేసింది. ఇద్దరిదీ ఒకే వంశమైతే అన్నాచెల్లెళ్ళవుతారు. ఏ ఇబ్బంది గురించి అంటున్నారని అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. ముసలామె తన నంబరుతో పాటు రెండు ఉడికించిన మొక్కజొన్న పొత్తులు కూడా ఇచ్చింది.

బండి కొంతదూరం పోయాక ఆమె అడిగింది. "ఆ రోజే చెప్పొచ్చుగా? సాసేజ్ అని వెక్కిరించాను."

"మీరు అడగలేదు. మీరే తేల్చేశారు."

"ఫోన్ రాకపోతే చెప్పేవారా?"

"చెప్పేవాణ్ణి. మీరు పొట్లం మడిచిన తీరు చూశాక భయమేసింది."

ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోందని వెనక కూర్చున్నవాడికి తెలిసింది.

మూడో రోజు నుంచి ప్రతి ఊళ్ళోనూ ఇదే తంతు. నంబర్లు రాసేది అతను. చదివి సరిచూసేది ఆమె. అతని ఏడు ఒకటిలా ఉంటుందని ఆమె పోట్లాడేది. ఏడుకు అడ్డగీత పెట్టడం నేర్చుకున్నాడు. రైతులు కోపగించుకుంటారనుకుంటే, ఎక్కువమంది కోపగించుకోలేదు. ఒకాయన తడిసిన కాఫీ గింజలు చేతిలో పోసుకుని చూపించాడు. తర్వాత నంబరు చెప్పాడు. ఆ నంబరును ముగలూల రెండుసార్లు సరిచూసుకున్నాడు.

అయిదో రోజు మధ్యాహ్నానికి మొదటి పది ఊళ్ళ నంబర్లు సైటులోకి ఎక్కాయి. రెండు గంటలకు వాతావరణం కబురు వచ్చింది. దారి మధ్యలో, కొండ మలుపులో బండి ఆపి, అతని ల్యాప్‌టాప్ నుంచే ఆమె మెసేజ్ పంపింది. ఇద్దరూ కిందికి చూస్తూ నిలబడ్డారు.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత ఒక వాకిట్లోంచి ఎవరో పరుగెత్తుకొచ్చారు. నీలం టార్పాలిన్ ఒకటి మడతపడింది. పక్క వాకిట్లో ఇంకొకటి. లోయ పొడుగునా ఒకదాని వెనక ఒకటిగా నీలం మచ్చలు మాయమయ్యాయి. ఆ తర్వాత వాన వచ్చింది.

గొడుగు లేదు. అరటిచెట్ల కింద నిలబడినా తడవక తప్పలేదు. ఆమె ఒక వెడల్పాటి ఆకు కోసి అతని తల మీద కాక ల్యాప్‌టాప్ మీద కప్పింది.

"నేను తడుస్తున్నాను," అన్నాడు.

"మీరు ఆరతారు. అది ఆరదు."

ఆకు ఒక అంచు ఆమె పట్టుకుంది, రెండో అంచు అతను పట్టుకున్నాడు. వాన వెలిసేదాకా అలాగే ఉన్నారు. వెలిశాక కూడా కాసేపు.

"నకసుజ్జగారూ."

"ఊఁ."

"కంపాలా వెళ్ళాక మీరు ఫోన్ చేయకపోతే నాకు బాగుండదు. పేజీ సరిగ్గా పనిచేస్తే మీకు ఫోన్ చేసే పనే ఉండదు. అది ఆలోచిస్తున్నాను."

ఆమె ఆకు మీది నీళ్ళు దులిపింది. "నాతో చెప్పి ఏం లాభం? ఇలాంటి మాట మా ఇంట్లో నాన్నతో కూడా ఎవరూ నేరుగా చెప్పరు. మేనత్త దగ్గరికి వెళ్ళాలి." బండి స్టార్టు చేసి, "మా మేనత్త కమిటీలో ఉంది. మైకు చాలు, మెసేజ్‌లు వద్దన్నవాళ్ళలో మొదటిది ఆవిడే," అంది.

*

గురువారం ఉదయం కమిటీ కూర్చుంది. కయెంబాగారు బడిలో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనతో కలిపి ఏడుగురు. వాళ్ళలో నకసుజ్జ మేనత్త కూడా ఉంది. కవలల తల్లి కాబట్టి ఊరంతా ఆవిడను నలొంగో అంటారు. నకసుజ్జ అక్కడి మర్యాద ప్రకారం మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడను పలకరించింది. ఆవిడ పలికింది కానీ నవ్వలేదు.

తర్వాత నకసుజ్జ బయటికొచ్చి, గుమ్మం దగ్గర ముగలూలను ఆపింది. "మీ కంపెనీ ఏం చెప్పమందో నాకు తెలుసు. అలాగే చెప్పండి. మీ ఉద్యోగం కూడా పోవడం దేనికి?"

అతను లోపలికి నడిచాడు.

"సేవ్ నొక్కింది ఎవరు?" అడిగారు కయెంబాగారు.

"నేను," అని నకసుజ్జ నిలబడింది. "ఆరూ నలభైకి. ఆరున్నర తర్వాత ముట్టుకోకూడదని నాకు తెలుసు."

"తెలిసీ నొక్కావు."

"వాన వస్తోందని నొక్కాను."

వెనక బెంచీ గీరుకుంది. ముగలూల లేచాడు. "నొక్కగానే పోయేలా రాసింది నేను సార్. ఆరున్నర సంగతి ఆమె నాకు ముందే చెప్పారు. నేను చెవిన పెట్టలేదు. నకలు ఉందా అని కూడా అడిగారు. ఉందన్నాను, లేదు. ఇందులో ఆమె తప్పు ఒక్కటీ లేదు."

"మాకు అర్థమయ్యేలా చెప్పు," అంది నలొంగో.

అతను చెప్పాడు. ముందు పాత ఫైలు ఖాళీ అవుతుందని, తర్వాత కొత్తది రాస్తుందని, మధ్యలో కరెంటు పోయిందని.

"కొత్త టార్పాలిన్ పరవకముందే, కాఫీ దాని మీద ఉండగానే పాతది లాగేశావన్నమాట."

"అంతేనమ్మా. ఇంకా సరిగ్గా చెప్పడం నాకు రాదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ముందు కొత్తది పూర్తిగా పరుస్తుంది. తర్వాతే పాతది తీస్తుంది. తీసినదాన్ని కూడా పారేయదు, పక్కన దాస్తుంది. చూపిస్తాను. కయెంబాగారూ, నేను సేవ్ నొక్కుతాను. మీకు తోచినప్పుడు ప్లగ్గు పీకెయ్యండి."

కయెంబాగారు కోటు విప్పి కుర్చీకి తగిలించి, టేబుల్ కిందికి దూరారు. నొక్కగానే ఒకసారి పీకారు. కంప్యూటర్ మళ్ళీ లేచేదాకా అందరూ టీ తాగారు. ఫైలు ఉంది, పాత పాస్‌వర్డ్‌తో. ఒక క్షణం ఆగి ఇంకోసారి పీకారు. ఫైలు ఉంది, కొత్త పాస్‌వర్డ్‌తో. నాలుగోసారికి ఆయన ముచ్చట పడి, ఇక చాలన్నా వినకుండా అయిదోసారి కూడా పీకారు. పాతదో కొత్తదో, ఫైలు ప్రతిసారీ నిండుగానే ఉంది. ఖాళీ మాత్రం ఒక్కసారీ కాలేదు.

చేతులెత్తమన్నప్పుడు ఏడింటిలో అయిదు చేతులు లేచాయి. మెసేజ్‌లు ఉంటాయి. నకసుజ్జ ఉంటుంది. కంప్యూటర్‌కు కొత్త బ్యాటరీ కూడా వస్తుంది. నలొంగో చెయ్యి ఎత్తిందో లేదో నకసుజ్జ చూడలేకపోయింది. కళ్ళు మసకేశాయి. ఎవరో ఆమె ముందు టీ గ్లాసు పెట్టి వెళ్ళిపోయారు.

*

మీటింగ్ అయ్యాక నలొంగో వరండాలో బెంచీ మీద కూర్చుని ముగలూలను పిలిచింది. అతను ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఎనిమిది రోజులుగా నా మేనకోడలి బండి వెనక తిరిగావు. పంతొమ్మిది ఊళ్ళలోనూ నాకు చుట్టాలున్నారు. తిరిగిన పద్దెనిమిది ఊళ్ళ నుంచీ కబురొచ్చింది."

"ఏమని వచ్చిందమ్మా?"

"ఏడుకు అడ్డగీత పెడతావని వచ్చింది. నాతో చెప్పాల్సింది ఏమైనా ఉందా?"

"ఉంది. మీ అన్నగారితో నా గురించి ఒక మాట చెప్పమని అడగాలి."

ఆవిడ కాళ్ళు చాపుకుంది. "మెసేజ్‌లు నాకు ఇష్టం లేదు. మైకు మనిషి గొంతు, ఫోన్ కాదు. ఇవాళ చెయ్యి ఎత్తాను. ఎందుకెత్తానో తెలుసా?"

"ప్లగ్గు పీకినా పోలేదని."

"దానికి కయెంబా ఎత్తాడు. నొక్కింది తానేనని మా పిల్ల ఒప్పుకున్నాక నువ్వు నోరు మూసుకుంటే సరిపోయేది. నిన్ను ఎవరూ అడగలేదు. నువ్వు లేచావు. అందుకెత్తాను. ఉద్యోగం ఉందా నీకు?"

"పొద్దున్నదాకా ఉంది. ఇక్కడ నేనన్న మాట కంపాలా చేరాక ఉండకపోవచ్చు."

"అయితే మా అన్నకు ఏం చెప్పను? పని లేనివాడొచ్చాడు, పిల్లనివ్వమంటున్నాడు అనా?"

గుమ్మం దగ్గర ఎప్పటినుంచి నిలబడిందో, నకసుజ్జ మాట్లాడింది.

"పని ఉంది అత్తా. ఇంకా నలభై ఒక్క నంబర్లు మిగిలాయి. చెరువవతల ఊరు."

నలొంగో ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఇద్దరం వెళ్తే ఒక్క పూట," అన్నాడు ముగలూల. లెక్కలో అతను అబద్ధం చెప్పలేడు.

"ఒక్క పూటా?" అంది నలొంగో. బెంచీ మీది నుంచి లేచి, గొడుగు తీసి నకసుజ్జ చేతికిచ్చింది. "ఆ దారి బాగుండదు. హడావుడి పడకండి. మూడు రోజులు తీసుకోండి. ఈలోపు మా అన్నను చూసొస్తాను."